‘మంచిగనే సదువుతుంది’ అంటే ఏమిటి? ప్రోగ్రెస్ కార్డు తల్లికి చెప్పేదీ, చెప్పనిదీ

జగిత్యాల వైపు ఒక ఊళ్లో, బీడీలు చుట్టే ఒక తల్లి ఇనుప పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, కుల సర్టిఫికెట్, వాటితోపాటు మూడో తరగతి చదివే బిడ్డ ప్రోగ్రెస్ కార్డు. ఇంట్లో విలువైన కాగితాలన్నీ ఒకే చోట. కార్డులో తెలుగుకు ఎదురుగా ‘బి ప్లస్’ అని ఉంది. తల్లిదండ్రుల సంతకం గడిలో ఒకదాని కింద ఒకటి మూడు వేలిముద్రలు.

“గిందుల ఏం రాసిన్రు సారూ?” అని అడిగింది ఆమె. నేను జవాబు చెప్పేలోపే తనే అంది: “సార్‌ను అడిగితే మంచిగనే సదువుతుంది అన్నడు.”

పక్కనే కూర్చున్న పాప చేతికి ఒకటో తరగతి తెలుగు వాచకం ఇచ్చాను. బొమ్మలున్న పేజీలు గడగడా చెప్పేసింది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, కింద ఉన్న మాట చదవమంటే ఆగిపోయింది. బొమ్మ చూసి చెప్పడం వచ్చు, విన్నది గుర్తుపెట్టుకోవడం వచ్చు, అక్షరాలు కలిపి చదవడం రాదు. తెలివి తక్కువై కాదు, ఆ మెట్టు దగ్గర ఎవరూ ఆగి నేర్పలేదు.

సార్ అబద్ధం చెప్పాడా? లేదు. కార్డు తప్పా? లెక్క ప్రకారం తప్పు కాదు. అయినా ఆ తల్లికి తెలియాల్సిన ఒకే ఒక్క సంగతి, ‘నీ బిడ్డకు ఇంకా చదవడం రాలేదు’ అన్నది, మూడేళ్లలో ఆమెకు చేరలేదు. ఇది ఒక్క ఊరి కథ కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దళిత వాడల నుంచి బడికి పోయే చిన్నపిల్లల విషయంలో బడి ఇంటికి ఏం చెప్తోంది, ఎలా చెప్తోంది, ఎవరికి అర్థమయ్యేలా చెప్తోంది అన్నది చదువు హక్కులో భాగమే. దాన్ని మనం హక్కుగా చూడడం లేదు, సార్ల మంచితనంగా చూస్తున్నాం.

చట్టం ఎవరి మీద బాధ్యత పెట్టింది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టం మాట వస్తే మనకు ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు గుర్తొస్తాయి. తెలంగాణలో అవి ఏళ్ల తరబడి అమలు కాలేదు కాబట్టి ఆ కొట్లాట న్యాయమైనదే. కానీ అదే చట్టంలో 24వ సెక్షన్ ఉంది. అది ఉపాధ్యాయుల విధుల జాబితా. అందులో రెండు విధులు వెంటవెంటనే వస్తాయి.

ఒకటి, 24(1)(డి): ప్రతి బిడ్డ నేర్చుకునే సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలి. రెండు, 24(1)(ఇ): తల్లిదండ్రులతో, సంరక్షకులతో క్రమం తప్పకుండా సమావేశాలు పెట్టి, బిడ్డ హాజరు, నేర్చుకునే సామర్థ్యం, సాధించిన ప్రగతి, ఇంకా అవసరమైన సమాచారం వాళ్లకు తెలియజేయాలి.

ఈ రెండింటినీ కలిపి చదవాలి. మొదట బిడ్డ ఎక్కడుందో చూడాలి, వెనకబడితే అదనంగా నేర్పాలి, ఆ తర్వాత ఇంటివాళ్లకు చెప్పాలి. తల్లిదండ్రులు వచ్చి అడిగితేనే చెప్పాలని చట్టం అనలేదు. తెలియజేయడం బడి పని. తల్లి చదువుకున్నదా లేదా, ఆమెకు ఇంగ్లిష్ వచ్చా రాదా అన్న షరతు అందులో లేదు. చదువురాని తల్లికి అర్థమయ్యేలా చెప్పకపోతే, చెప్పినట్టు కాదు.

29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం గురించి చెప్తుంది. బిడ్డ ఎంత అర్థం చేసుకుంది, తెలిసినదాన్ని ఎంతవరకు వాడగలుగుతోంది అన్నది ఏడాది పొడవునా చూస్తూ ఉండాలన్నది దాని ఉద్దేశం. ఏడాది చివర ఒక్క పరీక్ష పెట్టి, ఫెయిలైనవాళ్లను అదే తరగతిలో కూర్చోబెట్టే పద్ధతి వల్ల బడి మానేసింది ఎక్కువగా మన పిల్లలే. అందుకే డిటెన్షన్ వద్దన్న నిబంధన మనకు మేలు చేసేదే. అయితే 2019లో ఆ చట్టాన్ని సవరించి, 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టే, ఫెయిలైతే ఆపే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. నాలుగేళ్లు ‘మంచిగనే’ అని చెప్పి, ఐదో తరగతిలో ‘నీ బిడ్డ ఫెయిల్’ అని చెప్పే రోజు వస్తే ఆ దెబ్బ ఎవరి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

చదవడం రాని బిడ్డకు ‘బి ప్లస్’ ఎట్లొస్తుంది?

ప్రోగ్రెస్ కార్డును అర్థం చేసుకోవాలంటే అందులోని లెక్క తెలియాలి. మన ప్రభుత్వ బడుల్లో ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, రెండు సమ్మేటివ్ అసెస్‌మెంట్లు. అందరూ ఎఫ్‌ఏ, ఎస్‌ఏ అంటారు. ఎస్‌ఏ అంటే పాత కాలపు అర్ధ సంవత్సర, వార్షిక పరీక్షల వంటిది. ఎఫ్‌ఏకు 50 మార్కులు. పాఠంలో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10. రాత అంశాలకు, అంటే నోటు పుస్తకాలకు 10. ప్రాజెక్టు పనికి 10. లఘు పరీక్షకు 20.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేసుకుందాం. ఒక పాప రోజూ బడికి వస్తుంది, అల్లరి చేయదు, సార్ అడిగితే నవ్వుతూ ఏదో ఒకటి చెప్తుంది. భాగస్వామ్యానికి 8. బోర్డు మీద ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుంటుంది. రాతకు 8. పూల బొమ్మలు, పక్షుల బొమ్మలు కత్తిరించి అతికించింది. ప్రాజెక్టుకు 8. లఘు పరీక్షలో ప్రశ్న చదవలేక, తోచినంత రాసింది. 20కి 5. మొత్తం 29. అంటే 58 శాతం. 51 నుంచి 70 దాకా ‘బి ప్లస్’.

ఈ పాపకు చదవడం రాదు. కానీ కార్డు మీద ఆ మాట ఎక్కడా ఉండదు. దాన్ని పట్టి చూపించగల 5 మార్కులు మిగతా 24లో కలిసిపోయాయి. తెలుగు సబ్జెక్టుకు విద్యా ప్రమాణాలు వేరువేరుగా ఉన్నాయి: విని ఆలోచించి మాట్లాడడం, ధారాళంగా చదివి అర్థం చేసుకోవడం, సొంతంగా రాయడం, పదజాలం, సృజనాత్మకత వగైరా. వీటిని విడదీసి చెప్తే తల్లికి ఉపయోగం. ‘మాట్లాడడంలో ముందుంది, చదవడంలో అక్షరాల దగ్గరే ఉంది’ అంటే వెంటనే అర్థమవుతుంది. అన్నీ కలిపి ఒక్క అక్షరంగా మార్చేసరికి విషయం మాయమవుతుంది.

అవతలి కొస కూడా చూడాలి. 40 శాతం, అంతకన్నా తక్కువ వస్తే అంతా ‘సి’. అక్షరాలే రాని బిడ్డకూ ‘సి’, మాటలు చదవగలిగి వాక్యం దగ్గర తడబడే బిడ్డకూ ‘సి’. రెండో బిడ్డకు రెండు నెలలు దగ్గర కూర్చోబెట్టుకుంటే సరిపోవచ్చు. మొదటి బిడ్డకు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇద్దరి తల్లులకూ అందేది ఒకే అక్షరం.

సమాచారం ఉంది, తల్లి దగ్గర లేదు

‘పిల్లలు ఎక్కడున్నారో టీచర్లకు కూడా తెలియదు’ అనుకుంటే పొరపాటు. 2022 ఆగస్టు 15న రాష్ట్రంలో 1 నుంచి 5 తరగతులకు ‘తొలిమెట్టు’ మొదలైంది. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిపుణ్ భారత్‌కు ఇది రాష్ట్ర రూపం. చదవడం, రాయడం, లెక్కలు చేయడం అనే పునాది సామర్థ్యాలు పిల్లలందరికీ రావాలన్నది లక్ష్యం. మొదట బేస్‌లైన్ పరీక్ష పెట్టి, ఏ బిడ్డ అక్షరాల దగ్గర ఉంది, ఎవరు పదాలు చదువుతున్నారు, ఎవరికి కూడికలు, తీసివేతలు వచ్చు అని రాసుకుంటారు. తర్వాత నెలనెలా చూస్తారు. ఆ వివరాలు రికార్డుల్లో ఉంటాయి, పై అధికారులకు పోతాయి.

అంటే తల్లికి కావాల్సిన సమాచారం బడి బీరువాలోనే ఉంది. మండలానికి పోతుంది, జిల్లాకు పోతుంది, హైదరాబాద్‌కు పోతుంది. బడికి నాలుగు వీధుల అవతల ఉన్న వాడకు మాత్రం రాదు. వాడకు వచ్చేది గ్రేడు.

ఇది మన రెండు జిల్లాల సమస్యే కాదు. 2005 నుంచి గ్రామీణ భారతంలో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును చూస్తున్న ‘అసర్’ సర్వే 2024 నివేదిక ప్రకారం, దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు సుమారు 45 శాతం. మిగతా సగానికి పైగా పిల్లల ఇళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ‘అసర్’ వాళ్లు వాడేది ఒక్క కాగితం. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, ఒక చిన్న పేరా, ఒక చిన్న కథ. బిడ్డ ఎంతవరకు చదివితే అదే ఆమె స్థాయి. పక్కన నిలబడి చూసే తల్లికి చదువు రాకపోయినా బిడ్డ ఎక్కడ ఆగిందో కళ్లారా కనబడుతుంది. ప్రోగ్రెస్ కార్డు చేయలేని పని ఆ కాగితం ఐదు నిమిషాల్లో చేస్తుంది.

గ్రేడులోకి కులం ఎక్కడ నుంచి వస్తుంది?

ఎఫ్‌ఏలో పదేసి మార్కుల చొప్పున ఉన్న మూడు అంశాలూ టీచర్ అభిప్రాయం మీద ఎక్కువగా ఆధారపడతాయి. అభిప్రాయం ఉన్నచోట కులం ఉండదని అనుకోవడానికి లేదు.

రెమా హన్నా, లీ లిండెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశంలో ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించారు. పిల్లలకు పరీక్ష పెట్టి, జవాబు పత్రాల మీద కులం వివరాలను ఇష్టం వచ్చినట్టు మార్చి రాసి, టీచర్లతో దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న పత్రాలకు సగటున కొంచెం తక్కువ మార్కులు పడ్డాయి. తేడా పెద్దది కాదు. కానీ ఎక్కువగా నష్టపోయింది కింది కులాల్లోనూ చదువులో వెనకబడిన పిల్లలే. మనం మింగలేని మరో సంగతి కూడా ఉంది. ఈ వివక్ష ప్రధానంగా కింది కులాల టీచర్లు దిద్దిన పత్రాల్లోనే కనిపించింది. పై కులాల టీచర్లలో అలాంటి తేడా వాళ్లకు కనబడలేదు. ఒక్క ప్రయోగంతో అంతా తేల్చలేం. కానీ ‘మనోడే సార్‌గా ఉన్నడు కదా’ అని నిశ్చింతగా ఉండడానికి లేదని మాత్రం అది చెప్తుంది. కులం గురించిన అంచనాలు మన లోపల కూడా కూర్చుని ఉంటాయి.

ఉత్తరప్రదేశ్‌లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే చేసిన మరో ప్రయోగం పిల్లల వైపు నుంచి చూసింది. కాగితం మీద చిక్కుదారి బొమ్మలు విడదీయమన్నారు. కులం చెప్పనప్పుడు దళిత పిల్లలు మిగతావాళ్లతో సమానంగా చేశారు. అందరి ముందు కులం ప్రకటించాక వాళ్ల పని పడిపోయింది. హాజరు రిజిస్టర్‌లో కులం గడి, వాట్సాప్ గ్రూపులో పెట్టే జాబితాలో పేరు పక్కన ‘ఎస్సీ’ అన్న మాట, మీటింగులో ‘మీ కాలనీ పిల్లలు’ అనే పిలుపు మామూలు విషయాలు కావని ఇది చెప్తుంది.

మార్కుల కన్నా మాటల్లో కులం ఇంకా తేలికగా దూరుతుంది. ‘ఇంట్ల శ్రద్ధ లేదు’, ‘తల్లిదండ్రులు పట్టించుకోరు’, ‘వాతావరణం మంచిగ లేదు’. ఈ మూడు మాటలూ బిడ్డ ఏం నేర్చుకుందో చెప్పవు. బిడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాయి. బడి నేర్పలేకపోయిన సంగతి ఇంటి తప్పుగా మారిపోతుంది. ఆ మాటలు విని విని తల్లే ‘మా రాత గింతే’ అనుకుంటుంది. ప్రగతి నివేదిక అన్న పేరుతో కులం మీద తీర్పు ఇంటికి చేరుతుంది.

శనివారం మీటింగు, పత్తి చేను

ప్రభుత్వ బడుల్లో నెలకోసారి, మూడో శనివారం, తల్లిదండ్రుల సమావేశం పెట్టాలన్నది రాష్ట్రంలో ఇటీవలి ఏర్పాటు. మంచిదే. కానీ శనివారం పగలు ఎవరు ఖాళీగా ఉంటారు?

ఆదిలాబాద్ వైపు నవంబర్ నుంచి జనవరి దాకా పత్తి ఏరే కాలం. ఒక పూట మీటింగుకు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. బీడీలు చుట్టే తల్లికి వెయ్యి బీడీల లెక్క. గంట పోతే గంట లెక్క తగ్గుతుంది. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. అక్కడ మీటింగుకు వచ్చేది తాతో నాయనమ్మో. వాళ్లకు సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తారు, అంతే. వచ్చినవాళ్లలోనూ కుర్చీలో కూర్చునేవాళ్లు, గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు వేరు. నిలబడ్డవాళ్లు ప్రశ్న అడగరు.

రాని తల్లి పేరు ‘పట్టించుకోని తల్లి’ అవుతుంది. ఆమె కూలి లెక్క ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండదు.

ఇక్కడ టీచర్ల పక్షం కూడా చెప్పుకోవాలి. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపే బడులున్నాయి, ఒక్కరే నడిపేవీ ఉన్నాయి. బోధన, మధ్యాహ్న భోజనం లెక్క, ఫొటోలు, పోర్టల్‌లో మార్కుల నమోదు, సర్వేలు అన్నీ వాళ్ల నెత్తినే. పోర్టల్‌లో ఆలస్యమైతే పైనుంచి ఫోన్ వస్తుంది. తల్లికి చెప్పకపోతే ఎవరూ అడగరు. జవాబుదారీతనం పైకే ఉంది, కిందికి లేదు. సార్‌ను తిట్టడం కన్నా ఈ దిశను మార్చమని అడగడం ముఖ్యం.

ఏ భాషలో చెప్తున్నారు?

2011 జనాభా లెక్కల్లో మహిళల అక్షరాస్యత ఉమ్మడి ఆదిలాబాద్‌లో సుమారు 51 శాతం, ఉమ్మడి కరీంనగర్‌లో సుమారు 55 శాతం. దళిత, ఆదివాసీ మహిళల్లో ఇంకా తక్కువ. ఆ తర్వాత మళ్లీ జనాభా లెక్కలు రాలేదు. ఇప్పుడు కొంత మెరుగుపడి ఉండొచ్చు. అయినా కార్డు చదవలేని తల్లులు ఎందరో.

ఆదిలాబాద్‌లో ఇంకో మెట్టు ఉంది. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో మాంగ్, మహార్ కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి. గూడేల్లో గోండి, కొలామి. తండాల్లో లంబాడి. బడిలో తెలుగు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంగ్లిష్ మన పిల్లలకు కావాలి, దాని మీద వాదన లేదు. పాఠ్యపుస్తకాన్ని ఒక పేజీ ఇంగ్లిష్, ఒక పేజీ తెలుగుగా అచ్చేసి ఇస్తున్న ప్రభుత్వం, ఇంటికి పంపే నివేదికను తల్లి భాషలో ఎందుకు చెప్పలేదు?

ఇది కొత్త కోరిక కాదు. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించాడు. గోండిలో వాచకాలు తయారు చేయించాడు. బిడ్డకు పాఠం చెప్పే మనిషి, ఇంటి మనిషితో మాట్లాడే మనిషి ఒకే భాషవాడై ఉండాలన్న ఆలోచన అప్పటికే ఈ నేల మీద ఉంది. 80 ఏళ్ల తర్వాత కూడా, మరాఠీ తప్ప రాని మాంగ్ తల్లికి ‘బి ప్లస్’ అన్న ముక్క ఏం చెప్తుందో మనం అడగాల్సి వస్తోంది.

ప్రైవేటు బడి కార్డు మేలా?

అప్పు చేసి పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే దళిత కుటుంబాలు ఎందుకు పంపుతున్నాయని అడిగితే, ‘అక్కడ చెప్తరు’ అంటారు. నిజమే. రంగుల కార్డు, నెలనెలా మార్కులు, ర్యాంకు, ఫోన్‌కు మెసేజ్. కానీ ర్యాంకు చెప్పేది బిడ్డ ఎంతమంది వెనక ఉందన్నదే. ఏం రాలేదో చెప్పదు. ఎల్‌కేజీ బిడ్డకు ర్యాంకు వేయడంలో అర్థం లేదు. ఫీజు బాకీ ఉంటే కార్డు ఆపేసే బడులూ ఉన్నాయి. అప్పుడది ప్రగతి నివేదిక కాదు, వసూలు నోటీసు. మీటింగులో అందరి ముందు మార్కులు చదివి బిడ్డను నిలబెట్టడం కూడా మామూలైపోయింది. బిడ్డను శారీరకంగా శిక్షించడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అది ప్రైవేటు బడికీ వర్తిస్తుంది.

అంగన్‌వాడీ కార్డు నేర్పే పాఠం

చదువురాని తల్లికి అర్థమయ్యే నివేదిక సాధ్యమేనా అని అడిగేవాళ్లు అంగన్‌వాడీకి పోయి చూడాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో బరువు పటం ఉంటుంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు. నెలనెలా బిడ్డను తూచి ఒక చుక్క పెడతారు, చుక్కలు కలిపి గీత గీస్తారు. గీత పైకి పోతే బిడ్డ పెరుగుతోంది. అడ్డంగా పోతే జాగ్రత్త. కిందికి దిగితే ప్రమాదం. ఆకుపచ్చ దాటి కిందికి వస్తే తల్లికి ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

అందులో మూడు గుణాలున్నాయి. బిడ్డను పక్క బిడ్డతో పోల్చదు, పోయిన నెల తనతోనే పోలుస్తుంది. ఒక్క విషయాన్నే చెప్తుంది, పది కలిపి గ్రేడు చేయదు. గీత పడిపోతే అంగన్‌వాడీ టీచర్ ఏం చేయాలో కూడా నిర్ణయమై ఉంటుంది. చదువుకు కూడా ఇలాంటి పటం కష్టమా? అక్షరం, మాట, వాక్యం, పేరా, కథ: ఐదు మెట్ల బొమ్మ. లెక్కలకు ఇంకో ఐదు మెట్లు. ప్రతి నెలా బిడ్డ ఏ మెట్టు మీద ఉందో ఒక చుక్క. తొలిమెట్టు పేరులోనే మెట్టు ఉంది. దాన్ని కార్డు మీద గీసి తల్లికి చూపిస్తే చాలు.

2020 జాతీయ విద్యా విధానం ‘సమగ్ర ప్రగతి పత్రం’ అన్న ఆలోచన తెచ్చింది. ఇందులో టీచర్‌తోపాటు బిడ్డ తన గురించి తాను, తోటి పిల్లలు, తల్లిదండ్రులు కూడా అభిప్రాయం చెప్తారు. మార్కుల సంకెళ్ల కన్నా ఇది ముందడుగే. కానీ పేజీల కొద్దీ గడులు, తల్లిదండ్రులు నింపాల్సిన పేజీ ఉన్నప్పుడు, చదువుకున్న ఇంటి నుంచి వచ్చిన కార్డు నిండుగా ఉంటుంది. మన వాడ నుంచి వచ్చిన కార్డు ఖాళీగా పోతుంది, లేదా సారే నింపుకుంటాడు. ఖాళీ పేజీ మళ్లీ ‘పట్టించుకోరు’ అన్న మాటకు సాక్ష్యమవుతుంది. కొత్త కార్డు వచ్చేముందే ఆ పేజీని నోటిమాటగా అడిగి, బడి వాళ్లే రాసుకోవాలని మనం పట్టుబట్టాలి.

నాలుగో తరగతి గండం

ఇదంతా చిన్నపిల్లల విషయమే కదా, తర్వాత నేర్చుకుంటారులే అనుకోవడానికి లేదు. దళిత కుటుంబాలకు అందుబాటులో ఉన్న మంచి చదువు దారి సాంఘిక సంక్షేమ గురుకులాలు. అందులోకి ప్రధాన ద్వారం ఐదో తరగతి. దానికి నాలుగో తరగతిలో ఉండగానే ప్రవేశ పరీక్ష రాయాలి. తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం, మేధాశక్తి ప్రశ్నలన్నీ చదివి అర్థం చేసుకుని జవాబు గుర్తించాలి. మొదటి మూడేళ్లలో చదవడం రాని బిడ్డ ఆ హాల్లో కూర్చుని గడులు నింపి వస్తుంది. సీటు రాలేదని తెలిసిన రోజు ఆ తల్లికి బడి నుంచి అందే మొదటి నిజమైన ప్రోగ్రెస్ రిపోర్టు. అప్పటికి ఆలస్యమవుతుంది.

ఏం అడగాలి, ఏం చేయాలి?

తల్లిదండ్రులు ‘ఎట్ల సదువుతుంది?’ అని అడిగితే ‘మంచిగనే’ అన్న జవాబే వస్తుంది. ప్రశ్న మార్చాలి. ఈ ఐదూ నేర్పితే చాలు:

1. నా బిడ్డ ఏ తరగతి పుస్తకం చదవగలుగుతుంది? నా ముందర ఒక పేజీ చదివించుండ్రి.
2. తొలిమెట్టు రికార్డుల నా బిడ్డ ఏ మెట్టు మీద ఉంది? పోయిన నెల ఎక్కడుండె?
3. ఏం వస్తలేదు? ఒక్కటి చెప్పుండ్రి.
4. అది నేర్పడానికి బడిల ఏం చేస్తున్నరు? రోజుకు ఎంతసేపు?
5. మళ్లా నాకు ఎప్పుడు చెప్తరు?

నాలుగో ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. ‘ఇంట్ల చదివించండి’ అన్న జవాబు వస్తే, చదువురాని ఇంటికి ఆ పని అప్పజెప్పడానికి వీల్లేదని, అదనపు బోధన 24వ సెక్షన్ ప్రకారం బడి విధి అని మర్యాదగానే గుర్తుచేయాలి.

కార్యకర్తలు, విద్యార్థి సంఘాలు చేయగలిగినవి ఇంకొన్ని ఉన్నాయి. మీటింగు పొద్దుగూకినాక గానీ, వాడలోని కమ్యూనిటీ హాల్లో గానీ పెట్టమని ప్రధానోపాధ్యాయుడికి రాసి ఇవ్వడం. వాడలో ఆదివారం పూట తల్లుల ముందే పిల్లలతో చదివించడం. ఇది పరీక్షలా, అవమానంలా కాకూడదు. ఒక్కో బిడ్డ ఒక్కో తల్లి దగ్గర కూర్చుని చదివితే చాలు. ఇంకొకరి ముందు పోలిక వద్దు.

బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు, బలహీన వర్గాలకు వాళ్ల పిల్లల నిష్పత్తిలో చోటు ఉండాలని 21వ సెక్షన్ చెప్తుంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసింది. వాటి పని ఎక్కువగా మరమ్మతులు, మరుగుదొడ్లు, తాగునీరు, యూనిఫాంల చుట్టే తిరిగింది. ‘మన బడిల చదవడం రాని పిల్లలు ఎంతమంది, వాళ్లకు ఏం చేస్తున్నరు?’ అన్నది ప్రతి సమావేశంలో మొదటి అంశంగా పెట్టించాలి. పేర్లు వద్దు, సంఖ్య చాలు.

జవాబు పత్రం చూపించమని అడగడం తప్పు కాదు. దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో తేల్చింది. ఊరి బడిలో మొదట నోటిమాటతో అడిగితే చాలు. కాదంటేనే దరఖాస్తు. ఆ పైన 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల్లో తేల్చాలి. వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల మార్కులు, కులం కలిపి పెడితే తీసేయమని వెంటనే అడగాలి.

జగిత్యాల వైపు ఆ తల్లి తర్వాతి మీటింగుకు పోయింది. ఆ రోజు బీడీల లెక్క తగ్గింది. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగింది: “నా ముందర సదివించుండ్రి సారూ.” సార్ కాసేపు ఆగి, పాపను పిలిచి, ఒకటో తరగతి పుస్తకం తెరిచాడు. పాప రెండో మాట దగ్గర ఆగింది. ఆయన కోపం చేయలేదు. మధ్యాహ్నం భోజనం తర్వాత అరగంట కూర్చోబెడతానన్నాడు. అది ఎంతవరకు జరిగిందో వచ్చే నెల ఆమె మళ్లీ అడగాలి. ఆ కార్డులో నాలుగో వేలిముద్ర ఇంకా పడలేదు. బిడ్డ ఏం నేర్చిందో చెప్పినాకే వేస్తానంది.